కామాల మధ్య చిటికెన వేలు

కామాల గురించి నాకు తెలిసినంత కోరుట్లలో ఇంకెవరికీ తెలియదని ఒకప్పుడు నాకు గట్టి నమ్మకం. అందులో పెద్ద గొప్పేమీ లేదు, కామాలతో పనిపడే మనుషులు ఆ ఊళ్లో తక్కువ. బస్టాండు ఎదురుగా, బట్టల దుకాణం మీద, రేకుల గదిలో ఒక ట్యుటోరియల్ నడిచేది. అక్కడ నేను ఇంగ్లీషు గ్రామరు చెప్పేవాణ్ని. పదో తరగతి తప్పినవాళ్లు, టీచరు ఉద్యోగాల పరీక్ష రాసేవాళ్లు, గల్ఫ్‌కు పోయేముందు నాలుగు ముక్కలు నేర్చుకుందామని వచ్చి నాలుగో రోజుకే కనపడకుండా పోయేవాళ్లు నా విద్యార్థులు. కింద దుకాణంలో వాళ్లు గుడ్డ కొలుస్తుంటే పైన నేను వాక్యాలు కొలిచేవాణ్ని.

వాళ్లకు కామా అంటే ఊపిరి తీసుకునే చోటు. చదువుతూ ఎక్కడ ఆయాసం వస్తే అక్కడ చుక్కకు ఒక తోక పెట్టేవాళ్లు. నాకు ఒళ్లు మండేది. ఎర్ర పెన్నుతో ఆ తోకలన్నీ కొట్టేసేవాణ్ని. ఇంగ్లీషులో ఒక పెద్ద వాక్యం ఉంటుందనీ, దాన్ని ఆనుకుని బతికే చిన్న వాక్యం ఒకటి ఉంటుందనీ బోర్డు మీద గీతలు గీసి చూపేవాణ్ని. చిన్నది ముందొస్తే దాని తర్వాత కామా పెట్టాలి. వెనకొస్తే మామూలుగా అక్కర్లేదు. ఇంతవరకు అందరూ తల ఊపేవాళ్లు. చిన్నది మధ్యలో దూరినప్పుడే అసలు తంటా.

దానికి నేనొక ఉపాయం కనిపెట్టాను. మధ్యలో ఉన్న ముక్కను వేలితో మూసి చదవాలి. అయినా ఎవరి గురించి చెబుతున్నామో తెలిసిపోతే, ఆ ముక్క అదనం. అదనానికి అటొక కామా, ఇటొక కామా. మూస్తే మనిషి ఎవరో తెలియకుండా పోతే, ఆ ముక్క గుర్తు. గుర్తుకు కామాలు పెట్టకూడదు.

"మా నాయిన గురించి రాస్తే ఎట్ల సారు?" అని వెనక బెంచీ మీది పిల్ల ఒకతి అడిగింది.

"నాయిన ఒక్కడే గదా. మూసినా తెలుస్తడు. అటు ఇటు కామా కొట్టు" అన్నాను. తరగతంతా నవ్వింది. నాకూ గర్వంగానే ఉండింది.

మాది సిరిసిల్ల. మా నాయిన సాంచా కార్మికుడు. మరమగ్గాన్ని మా దగ్గర సాంచా అంటారు. నేను పుట్టినప్పటి నుంచీ సాంచాల చప్పుడులోనే పడుకున్నాను, లేచాను, చదువుకున్నాను. తర్వాత నూలు రావడం తగ్గింది. వారానికి మూడు రోజులు పని, ఆ తర్వాత అదీ లేదు. చప్పుడు ఆగిన గల్లీలో నిద్ర పట్టదని అప్పుడే తెలిసింది. మా ఇంటికి నాలుగిళ్ల అవతల ఒకాయన తన సాంచా పక్కనే ఉరి పోసుకున్నాడు. ఆ రోజు నుంచి అమ్మ నాయినను ఒక్కణ్ని ఎటూ పోనిచ్చేది కాదు. నెల తిరక్కుండానే నాయిన, అమ్మ, తమ్ముడు బొంబాయి బస్సెక్కి భీవండి పోయారు. అక్కడ సాంచాలు ఇంకా నడుస్తున్నాయి.

నేనూ సంచి సర్దుకున్నాను. నాయిన ఆ సంచిని తన చేత్తోనే కిందికి దించాడు. "సదువుకున్నోనివి. నీకెందుకురా సాంచ? ఈడనే ఉండు" అన్నాడు. అది నా మీది ప్రేమతోనే అన్నాడు. కానీ బస్సు కదిలినప్పుడు నాకు ప్రేమ కనపడలేదు, మూడు సీట్లు కనపడ్డాయి.

కోరుట్లలో గది తీసుకున్నాను. మెస్సులో తినేవాణ్ని. ఆదివారం ఎస్టీడీ బూత్‌లో నిలబడితే అమ్మ "తిన్నవా కొడుకా?" అనేది, నేను తిన్నానని చెప్పేవాణ్ని, వెనక సాంచాల చప్పుడులో ఆమెకు సగం వినపడేది కాదు. నెలకోసారి సిరిసిల్ల పోయి తాళం తీసి, ఇల్లు ఊడ్చి, కాసేపు కూర్చుని మళ్లీ తాళం వేసి వచ్చేవాణ్ని. నాకు కామాల జబ్బు ఎంత ముదిరిందంటే, ఒకరోజు చీపురు పట్టుకుని అనుకున్నాను: మా ఇంటి వాక్యంలో నేను అటూ ఇటూ కామాలు పడ్డ ముక్కను. వేలితో మూసినా వాళ్ల బతుకు వాళ్లకు నడుస్తూనే ఉంది. ఆ మాట అనుకుని చాలాసేపు ఏడ్చాను. ఊడ్చిన ఇల్లు మళ్లీ ఊడ్చాను.

ఇంగ్లీషు వచ్చినవాడు ఒకడు ఒంటరిగా ఉన్నాడని తెలిస్తే ఊరు వదలదు. ఒక విద్యార్థి తన మేనమామ కోసం అర్జీ రాయించుకుపోయాడు. గల్ఫ్‌లో ఉన్న మన దేశపు ఆఫీసుకు రాసిన అర్జీ అది. దానికి జవాబు వచ్చింది. ఇంకేం, ఇబ్రహీంపట్నం నుంచి, రాయికల్ నుంచి, బుగ్గారం అవతల నుంచి ఆడవాళ్లు సాయంత్రాలు మెట్లెక్కడం మొదలుపెట్టారు. తోటపని అని తీసుకుపోయి గొర్రెల వెంట ఎడారిలో వదిలేస్తే ఇరుక్కుపోయిన మొగుళ్లు, పాస్‌పోర్టు గుంజుకున్న యజమానులు, ఆరు నెలలుగా అడ్రసు లేని కొడుకులు. ఆ ఆడవాళ్లు పసుపు కొమ్ములో, పచ్చిమిరపకాయలో, మక్క కంకులో తెచ్చి మూలన పెట్టేవాళ్లు. మెస్సులో తినేవాడికి మిరపకాయలెందుకని వాళ్లకూ తోచేది కాదు, నేనూ చెప్పేవాణ్ని కాదు. ఆ మూల నిండుగా ఉండటం నాకు బాగుండేది.

నా పద్ధతి ఒకటే. ఎంత చెప్పినా వింటాను, రాసేది మాత్రం ఒక్క పేజీ. ఆఫీసులో కూర్చున్నవాడికి తీరిక ఉండదు. వీళ్లు చెప్పేదాంట్లో బర్రె ఈనడం, అత్తకు కళ్లు కనపడకపోవడం, దేవుడి మొక్కు బాకీ ఉండటం, అన్నీ కలిసిపోయి ఉంటాయి. వేలితో మూస్తూ పోయేవాణ్ని. మూస్తే వాక్యం కూలేవి ఉంచి మిగతావి తీసేసేవాణ్ని. కత్తిరించడంలో నన్ను మించినవాడు లేడని నా పొగరు.

అట్లా వచ్చినవాళ్లలో ఒకామె రాయికల్ దగ్గరి పల్లెటూరామె. బీడీలు చేస్తుంది. నాకంటే మూడు నాలుగేళ్లు పెద్దది. పదేళ్ల కూతుర్ని వెంట తెచ్చుకుంది.

"ఏలు తెగినాయన కోసం కాయితం రాయాలె సారు" అంది.

"పేరు చెప్పక్కా."

ఆమె తల దించుకుని కూతురి వైపు చూసింది. మొగుడి పేరు నోటితో పలకదు. ఆ పల్లెల్లో చాలామంది పలకరు. అది తెలిసిన కూతురు ఓనమాలు అప్పజెప్పినట్టు తండ్రి పేరు, తాత పేరు చెప్పింది. తండ్రిది వేములవాడ దేవుడి పేరు, తాతది ధర్మపురి దేవుడి పేరు. మా వైపు పిల్లలు పుట్టాలని మొక్కుకుంటారు, పుడితే ఆ దేవుడి పేరే పెడతారు. ఏ బస్సులోనైనా వేములవాడ దేవుడి పేరు పెట్టి గట్టిగా పిలిస్తే నలుగురు తిరిగి చూస్తారు. ఈ సంగతి తెలియనివాణ్ని కాదు. మా తమ్ముడిదీ అదే పేరు.

ఆమె చెప్పడం మొదలుపెట్టింది. "తాళ్లు గీసేటోడు సారు. పెండ్లయిన ఏడాది కత్తి జారి ఎడమచేయి చిటికెన ఏలు సగం పోయింది. గప్పటిసంది ఊరంత ఏలు తెగినాయన అనే అంటది. నేను సుత గట్లనే అంట. గీ పొల్ల నడక నేర్చినప్పుడు గా సగం ఏలే పట్టుకొని నడిచింది. దీని చేతికి గదే సరిపోయేది." పిల్ల సిగ్గుపడి తల్లి కొంగులో మొహం పెట్టుకుంది. మొగుడు గల్ఫ్‌కు పోయి నాలుగేళ్లయింది. గొర్ల కాడి నుంచి పారిపోయి, కాయితాలు లేని మనుషుల్ని పెట్టే ఒక క్యాంపులో ఉన్నాడని తిరిగొచ్చినవాళ్లెవరో చెప్పారు. అంతకుమించి తెలియదు. పాస్‌పోర్టు నంబరు లేదు, దాని నకలు కూడా లేదు. పట్టుకుపోయిన ఏజెంటు ఇప్పుడు ఊళ్లో లేడు. ఆమెకు కావలసింది ఒక్కటే, ఆ క్యాంపు నుంచి ఆ మనిషి ఇంటికి రావాలి.

మొదటి చిత్తులో వేలు ఉంది. తాటిచెట్టు గీస్తూ ఎడమచేతి చిటికెన వేలు సగం పోగొట్టుకున్న సంగతి రెండు కామాల మధ్య చక్కగా కూర్చుంది. అప్పుడు నా చూపుడువేలు తీసి దాని మీద పెట్టాను. వాక్యం నిలబడింది. మనిషి పేరుంది, తండ్రి పేరుంది, జిల్లా ఉంది. భార్యకు మొగుడు ఒక్కడే కదా అనుకున్నాను. పైగా పేజీ దాటుతోంది. తీసేశాను.

ఆమె లేచింది, మళ్లీ కూర్చుంది. "ఏలు సంగతి రాసినవా సారు?"

కింద రాయికల్ చివరి బస్సు హారన్ కొడుతోంది. తీసేశానని చెబితే ఎందుకు తీసేశావని అడుగుతుంది. కామాల గురించి చెప్పాలి. నాకు విసుగొచ్చింది.

"రాసిన అక్కా, రాసిన. పో, బస్సు పోతది."

తెల్లారి ఆ వాక్యాన్నే తరగతిలో బోర్డు మీద రాశాను, వేలితో సహా. ముక్కను మూసి చూపించాను. చూశారా, అదనం, అన్నాను. ఆ నెలంతా నాకు దొరికిన ఉదాహరణల్లో అదే మంచిది.

అర్జీ మీద జవాబు రావలసిన చిరునామా నాది. అందుకని ఆమె పదిహేను రోజులకోసారి వచ్చేది. మెట్ల మీద కూర్చుని, తరగతి అయ్యేదాకా ఆగి, "అచ్చిందా సారు?" అనేది. రాలేదంటే బాధపడేది కాదు. మాటల్లో పడేది. "గీ మిరపకాయలు ఏం జేస్తున్నవు సారు? కుప్ప పెరుగుతనే ఉన్నది. పెండ్లి జేసుకో, ఆమెన్న వండుతది" అని ఆట పట్టించేది. పిల్ల నా ఎర్ర పెన్నుతో కాగితాల మీద కోళ్లను గీసేది. వాళ్లు వచ్చే రోజు నేను గది ఊడ్చేవాణ్ని. చొక్కా ఇస్త్రీ చేయించేవాణ్ని. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, ఆ జవాబు మరీ తొందరగా రాకపోతే బాగుండని ఒకటి రెండుసార్లు అనిపించింది.

వచ్చింది. ఇంగ్లీషులో, మూడే వాక్యాలు. సదరు వ్యక్తి ఆచూకీ దొరికిందనీ, బొంబాయి మీదుగా పంపుతున్నామనీ, ఫలానా రోజు అక్కడ దిగుతాడనీ. కామాలన్నీ సరిగ్గా ఉన్నాయి. నేను చదివి తెలుగులో చెబితే ఆమె గోడకు ఆనుకుని కిందికి జారి కూర్చుంది. కాసేపటికి లేచి, "నువ్వు సుత రావాలె సారు. కాయితం రాసినోనివి, నువ్వు లేకుంటే ఎట్ల?" అంది. నన్ను రమ్మన్నవాళ్లు ఆ రెండేళ్లలో ఎవరూ లేరు.

బొంబాయి బస్సు పొద్దున్నే జగిత్యాల బస్టాండుకు వస్తుంది. నేను కోరుట్ల నుంచి మొదటి బస్సుకే పోయాను. వాళ్లు అప్పటికే వచ్చి ఉన్నారు. ఆమె కొత్త చీర కట్టుకుంది. టిఫిను డబ్బాలో సర్వపిండి తెచ్చింది, వేడి పోకుండా కొంగులో పెట్టుకుంది. పిల్లకు నూనె రాసి రెండు జడలు వేసింది. నేను ఆ బస్సు వచ్చే దారినే చూస్తున్నాను. అది మా వాళ్లను తీసుకుపోయిన బస్సు. అందులోంచి ఎవరైనా దిగగా చూడటం నాకదే మొదటిసారి.

బస్సు వచ్చింది. చేతిలో ప్లాస్టిక్ సంచితో ఒక మనిషి చివరగా దిగాడు, ఎండకు మాడి, పెదాలు పగిలి. నేను ముందుకు పోయి పేరు అడిగాను. అదే పేరు. తండ్రి పేరు అడిగాను. అదే. "అక్కా, అచ్చిండు!" అని అరిచాను.

ఆమె కదల్లేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది. తండ్రి పోయినప్పుడు ఆరేళ్లది ఆ పిల్ల. దానికి ఆ మొహం గుర్తున్నట్టు లేదు. నేరుగా పోయి ఆయన ఎడమచెయ్యి పట్టుకుంది. చిటికెన వేలు మొదటి నుంచి చివరిదాకా తడిమింది. ఇంకోసారి తడిమింది.

"అమ్మా, ఏలు ఉన్నది" అంది.

ఏం జరిగిందో అర్థం కావడానికి నాకు ఇంకెవరూ చెప్పనక్కర్లేదు.

ఆ మనిషి మా ముగ్గురి మొహాలు చూసి బెదిరిపోయాడు. ఆయనది బుగ్గారం దిక్కు పల్లె. "నేనేం తప్పు జేయలే బిడ్డా. పేరు పిలిస్తె లేచిన. నాకు కాయితం రాసేటోళ్లు ఎవలున్నరా అని తొవ్వంత అనుకుంటనే అచ్చిన. అమ్మ లేదు, పెండ్లాం లేదు" అన్నాడు. తన పొరపాటేమో అన్నట్టు చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. ఐదు వేళ్లు ఉన్నందుకు సిగ్గుపడ్డ మనిషిని నేనెప్పుడూ చూడలేదు.

ఆమె కళ్లు తుడుచుకుని బెంచీ మీద టిఫిను డబ్బా తెరిచింది. "తిను అన్నా. ఎప్పుడు తిన్నవో ఏమో" అంది. ఆయన సర్వపిండి ముక్క తుంచి నోట్లో పెట్టుకున్నాక అడిగింది. "గాడ ఏలు తెగినాయన కనవడ్డడా అన్నా?"

ఆయన నమలడం ఆపాడు.

"ఉన్నడు గద. నా పక్క పరుపే. మా ఇద్దరి పేరొకటే, తండ్రుల పేర్లు సుత ఒకటే. ఒకే పిలుపుకు ఇద్దరం పలికేటోళ్లం, నవ్వుకునేటోళ్లం." నీళ్లు తాగాడు. "ఆఫీసోళ్లు లిస్టు పట్టుకచ్చి పేరు, తండ్రి పేరు, జిల్లా సదివిన్రు. ఊరు పేరు, రాపిచ్చినోళ్ల పేరు గా లిస్టుల లేవు. ఇద్దరం లేచినం. గాయన అడిగిండు, సారు, ఒంటి మీద గుర్తులు ఏమన్న రాసి ఉన్నయా అని. వాళ్లు కాయితం తిప్పి తిప్పి చూసిన్రు. ఏం లేవన్నరు. గప్పుడు నాతోని అన్నడు, గిది నా కాయితం కాదురా, నీదే, పో అన్నడు. నీకెట్ల ఎర్కనే అంటె, నా ఇంటామె నా పేరు సుత పలుకది, ఏలు తెగినాయన అనే అంటది, ఆమె రాపిస్తె ఏలే ముందుగాల ఉంటది అన్నడు. అని కూసున్నడు మల్ల."

చుట్టూ బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి, కండక్టర్లు ఊళ్ల పేర్లు అరుస్తున్నారు. ఆమె మెల్లగా నా వైపు తిరిగింది.

"రాసిన అన్నవు గద సారు."

"రాయలే అక్కా."

"ఎందుకు?"

ఎనిమిదేళ్లు నేర్చుకుని, రెండేళ్లు నేర్పి, ఎర్ర పెన్నుతో వేల కామాలు దిద్దినవాణ్ని. "అక్కర లేదనుకున్న" అన్నాను. ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేది. కూతురి జడ ఊడితే మళ్లీ అల్లింది, చాలాసేపు అల్లింది. "ఇంకోటి రాయి సారు. నేను చెప్పినట్టు రాయి" అంది.

అక్కడే, ఆ బెంచీ మీదే రాశాను. బుగ్గారం మనిషి క్యాంపు సంగతులు చెప్పాడు, అవీ రాశాను. ఆమె బర్రె గురించి చెప్పింది, రాశాను. అత్త కళ్ల గురించి చెప్పింది, రాశాను. నాలుగు పేజీలయింది. మొదటి వాక్యం ఎడమచేతి చిటికెన వేలితో మొదలైంది. ఆలోచిస్తే మన మాటలో ఎప్పుడూ అంతే కదా, వేలు తెగిన అన్న మాట ముందొస్తుంది, మనిషి తర్వాత వస్తాడు. గుర్తును మూసి మనిషిని చూసే ఏర్పాటే మన దగ్గర లేదు. ఆమె మొదటి రోజు మెట్లెక్కి చెప్పిన మొదటి ముక్కే అది. రాసి ముగించేసరికి బుగ్గారం బస్సు వచ్చింది. ఆ మనిషి పిల్ల తల మీద చెయ్యి పెట్టి, ఎక్కి పోయాడు.

ఆదివారం భీవండికి ఫోన్ చేసినప్పుడు అమ్మ బదులు నాయినను పిలవమన్నాను. అంతా చెప్పాను. నాయిన వెనక సాంచాలు నడుస్తున్నాయి. వేల పోగుల్లో ఒక్కటి తెగితే దూరం నుంచే కనిపెట్టి సాంచా ఆపే మనిషి ఆయన.

"పోగు తెగినట్టు నీకు కనవడ్డది గద?" అన్నాడు.

"కనవడ్డది."

"కనవడ్డంక సాంచ ఆపాలె గద కొడుకా. ఉరుకులాట దేనికి?" తర్వాత గొంతు తగ్గించి, "ఒక్కనివే ఉండి గిట్లయితున్నవు. కొన్నొద్దులు ఈడికి రారాదా?" అన్నాడు. వస్తానన్నాను. పోలేదు. ఆమెకు జవాబు వచ్చే చిరునామా నాది, గదికి తాళం వేసి ఎట్లా పోను?

ఆ జవాబు రావడానికి రెండేళ్లు పట్టింది. మా రెండో అర్జీ చేరేలోగా క్యాంపులో మనుషుల్ని ఎటెటో మార్చారు. కనపడలేదని ఒకసారి, వెతుకుతున్నామని ఒకసారి రాశారు. నేను నెలనెలా మళ్లీ రాస్తూనే ఉన్నాను, ప్రతిసారీ వేలితోనే మొదలుపెట్టి. ఆమె వచ్చేది, కానీ మెట్ల మీద కూర్చునేది కాదు. గడపలో నిలబడి "అచ్చిందా సారు?" అని అడిగి, రాలేదంటే తిరిగిపోయేది. పెండ్లి మాట ఎత్తేది కాదు. పిల్ల పెన్ను అడిగేది కాదు. మూలన మిరపకాయలు ఎండిపోయి గలగలమనేవి. ఆ రెండేళ్లు నేను తరగతిలో ఆ ఉదాహరణ చెప్పలేదు. మధ్యలో వచ్చే ముక్కల పాఠం వచ్చినప్పుడు గొంతు బాగోలేదని చెప్పి పిల్లల్ని చదువుకోమనేవాణ్ని.

చివరికి ఆయన వచ్చాడు. జగిత్యాలకు నన్నెవరూ పిలవలేదు, వచ్చినట్టు కూడా నాకు తెలియదు. ఒక సాయంత్రం మెట్ల మీద చాలా అడుగుల చప్పుడైంది. ముందు ఒక సన్నటి మనిషి, రెండు చేతులూ జోడించి నిలబడ్డాడు. జోడించిన చేతుల్లో ఒకవైపు చిటికెన వేలు పొట్టిగా ఉంది. వెనక గడపలో ఆమె. పొడుగెదిగిన కూతురు. ఆ వెనక నేనెన్నడూ చూడని ఇంకొకామె, చేతిలో ఒక మగమనిషి ఫోటో పట్టుకుని.

"దండం సారు. నువ్వు రాయబట్టి అచ్చిన" అన్నాడాయన. మొహం నిండా నవ్వు. తర్వాత భార్య వైపు తల తిప్పి, కోపం లేని విసుగుతో అన్నాడు, "మొదటి కాయితంల ఏలు సంగతి చెప్పుడు మర్చిపోయిందట సారు గీమె! చెప్పి ఉంటె రెండేండ్ల కిందనే అచ్చేటోణ్ని. గా రెండేండ్లు నాకోసం ఎవలు రాస్తలేరనే అనుకున్న, నన్ను ఇడిసిపెట్టిన్రనే అనుకున్న. మర్చిపోయిందట!"

నేను ఆమె వైపు చూశాను. ఆమె నన్నే చూస్తోంది. తల కొంచెం, చాలా కొంచెం, అడ్డంగా ఊపింది. నోరు తెరిచాను. ఆమె చెప్పిన వేలును నేనే తీసేశాను అని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? చిన్న వాక్యం. ఒక్క కామా కూడా అక్కర్లేదు. నేను చెప్పలేదు.

ఆమె తన వెనకున్న మనిషిని భుజం పట్టి ముందుకు తెచ్చింది. ఆ కొత్తామె ఫోటోను గుండెకు ఆనించుకుని భయంగా నా వైపు చూసింది.

"గీమె మా పక్కింటామె సారు. గీమె ఇంటాయన జాడ లేక ఏడాదైతున్నది" అంది. ఆ తర్వాత ఆమెతో, నాకూ వినపడేట్టు చెప్పింది. "భయపడకు. అన్ని చెప్పు. సారు అన్ని రాస్తడు. ఏం ఇడిసిపెట్టడు."

వాళ్లు ముగ్గురూ బస్సుకు దిగిపోయారు. మెట్ల మీద ఆ పిల్ల, నడక నేర్చినప్పటిలా, తండ్రి ఎడమచెయ్యి పట్టుకునే దిగింది. నేను తెల్ల కాగితం తీసుకుని, ఎర్ర పెన్ను సొరుగులో పెట్టి, కుర్చీ ముందుకు జరిపి పక్కింటామెను కూర్చోమన్నాను.